పాత లగ్జరీ ఎస్‌యూవీ చౌకగా దొరికితే దాని నిర్వహణ కూడా చౌకేనా?

కాదు, కొనుగోలు ధర ఎంత పడిపోయినా విడిభాగాల ధర, మరమ్మతు కూలీ మాత్రం ఖరీదైన బండి స్థాయిలోనే ఉంటాయి. బండి విలువ మొదటి కొన్నేళ్లలోనే వేగంగా తరిగిపోతుంది, సంక్లిష్టమైన భాగాలు అరిగి మొరాయించడం ఎక్కువగా ఆ తరువాతే మొదలవుతుంది. ఉదాహరణకు, ఎయిర్ సస్పెన్షన్‌లో (ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన సంచులపై బండిని నిలిపే ఏర్పాటులో) గాలిని నిలిపే రబ్బరు సంచికి సన్నని పగులు వస్తే, రాత్రి నిలిపిన బండి తెల్లవారేసరికి ఒక మూలకు కుంగి కనిపించవచ్చు. దాన్ని పట్టించుకోకుండా నడిపితే, తగ్గిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదేపదే పనిచేసి చివరికి అదీ కాలిపోవచ్చు. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండికి ఈ బెడద ఉండదనుకోవడం పొరపాటు. రబ్బరు గొట్టాలు, సీళ్లు కాలం గడిచినా పాడవుతాయి కాబట్టి, ఏళ్ల తరబడి షెడ్డులో ఉండిపోయిన బండికంటే, ఎక్కువ తిరిగినా సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్న బండే తరచుగా (అన్నిసార్లూ కాకపోయినా) మేలు.