రోజుకు పది రూపాయల దానం: డబ్బా ఎందుకు నిండట్లేదంటే

దానం కోసం ఇంట్లో పెట్టుకున్న డబ్బా ఎందుకు నిండట్లేదని అడిగారు కదా. అది వంటింట్లో, అందరి చేతికి అందేలా ఉండటమే కారణం అయ్యుంటుంది. ఇంట్లో నలుగురూ రోజూ పదేసి రూపాయలు వేస్తున్నా, నెలకు 1,200 రావాల్సింది మూడు నాలుగు వందలే ఉంటోందన్నారు. పాలకు, పిల్లల ఆటోకు చిల్లర అందులోంచే పోతుంది. "తీసింది రేపు తిరిగి వేద్దాంలే" అనుకుంటాం, వేయం. ఏడాదికి 14,600 అంటే చిన్న మొత్తం కాదండీ.

1. డబ్బా తీసేయండి. ఇంటి ఖర్చుకు వాడని జీరో బ్యాలెన్స్ ఖాతా ఒకటి తెరవండి. రాత్రి భోజనాలయ్యాక ఎవరి ఫోన్ నుంచి వాళ్లు పది రూపాయలు పంపండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఎవరికి, దేనికి, ఏ నెలలో ఇస్తారో ముందే తేల్చుకోవడం. మీది మిర్యాలగూడ కదా, దగ్గర్లోని సర్కారు బడి హెడ్‌మాస్టర్‌ను వేసవి సెలవులకు ముందే కలవండి. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం ప్రభుత్వమే ఇస్తుంది. బూట్లు, బ్యాగు, జామెట్రీ బాక్సు ఎవరికి లేవో సార్లకు తెలుస్తుంది. "ఏడో తరగతి, పన్నెండు జతల బూట్లు, జూన్" అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అది రోజూ కళ్ల ముందుంటే ఆ డబ్బు మీద చెయ్యి వేయబుద్ధి కాదు. నా దృష్టిలో ఖాతా కన్నా ఈ కాగితమే ముఖ్యం.

3. ట్రస్టుకు ఇస్తే బ్యాంకు ద్వారానే పంపి రసీదు తీసుకోండి. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు.