వాకిట్ల ముచ్చట: రెండు రోజుల సెలవు, ఊరి ఇల్లు

ఈసారి ఉత్తరాలల్ల సగానికి ఎక్కువ ఒకటే ముచ్చట. దసరాకు వచ్చిపోయినోళ్లు దీపావళి అయినంక, కార్తీకంల మళ్లొకసారి శని, ఆదివారాలు చూసుకొని ఊరికి వస్తున్నరు. ఇంట్ల ఏం చేసుకోవాలె, ఏం తినాలె, పిల్లలను ఎట్ల మలుపుకోవాలె అని అడుగుతున్నరు. మంచి కాలమే ఎంచుకున్నరు. ఎండాకాలం ఇంట్ల ఉడుకవోత, వానకాలం గూనపెంకల ఇల్లు ఉరుస్తది. ఇప్పుడు పొద్దుగూకంగనే సల్లగాలి లేస్తది, పగలు వాకిట్ల కూసున్నా ఎండ కొట్టదు.

*టీచరమ్మా, అత్తగారి ఊరు పరకాల దగ్గర. దీపావళి తర్వాత వచ్చే శని, ఆదివారాలు అక్కడ గడపాలనుకుంటున్నాం. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఏడు. పోయినసారి అత్తమ్మ రెండు రోజులూ వంటింట్లోంచి బయటికి రాలేదు. మా ఆయన నిద్రపోయారు, పిల్లలు ఫోన్లు చూశారు, నేను గిన్నెలు తోమాను. ఈసారి రామప్ప, లక్నవరం తిప్పుదామా, ఇంట్లోనే ఉందామా? ఉంటే ఏం చేయాలి? – ఉప్పల్ నుంచి ఒక కోడలు*

ఇంట్లనే ఉండు బిడ్డా. రామప్ప గుడి 1213 సంది పాలంపేటలనే ఉన్నది. 2021ల యునెస్కో వాళ్లు పేరెక్కించుకున్నంక గూడ ఆడికెళ్లి కదల్లేదు. ఆ గుడి కోసమే ఇంకోసారి వచ్చి, నల్లరాతి మదనికల (నాట్యం చేసే ఆడబొమ్మల) కింద తీరిపారంగ నిలవడి చూడున్రి. అత్తగారింటికని వచ్చిన రెండు రోజులల్ల ఒక రోజును కార్ల పోసుడెందుకు? లక్నవరం వేలాడే వంతెన మీద సెలవునాడు ఉండే జనాన్ని చూసుడు కంటే మీ మామ బర్రెను చూసుడు నయం.

వచ్చే ముందుగాల మీ మామకు ఫోన్ చేసి, 'పత్తి ఏరుడు ఎప్పుడు మామయ్యా?' అని అడుగు. మన దిక్కు ఈ కాలంల ఇల్లు ఖాళీగ ఉండదు. ఒకదిక్కు వరి కోతకు వస్తది, ఒకదిక్కు పత్తి పలుగుతది. పొద్దుగాల మంచు ఆరినంక కూలోళ్లు చేన్లకు దిగుతరు, మాపటికి ఏరిన పత్తి ఇంటికి చేరుతది. ముందటర్ర నిండ పత్తి ఉంటే మీరు నలుగురు ఎక్కడ పండుతరు? అటువంటి వారం అయితే ఇంకో వారానికి జరుపుకో. లేదు, ఆ వారమే రావాలె అంటే పనిల చెయ్యి కలిపేటట్టు రా.

పత్తి కుప్పను చూడంగనే పిల్లలు దాని మీద దుంకుతరు. దుంకనియ్యకు. మందు కొట్టిన చేను పత్తి, పెయ్యంత దురద వెడ్తది. పైనుంచి చెత్త కలుస్తది, నీళ్ల గ్లాసు వొలికితే తేమ పడ్తది. తేమ 8 శాతం దాటితే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రంల ధర కోస్తరు, 12 దాటితే కొననే కొనరు. దీపావళికి మిగిలిన చిచ్చుబుడ్లు కారుల వేసుకొని వస్తరేమో, పత్తి ఉన్న ఇంటి ముంగట వాటి ముచ్చటే ఎత్తొద్దు.

శుక్రవారం రాత్రికే రండి. వచ్చేటప్పుడు 'తొవ్వల తిన్నం' అని ముందుగాలనే ఫోన్ చెయ్యి, నిజంగనే తినే రండి. లేకుంటే మీ అత్తమ్మ నడిరాత్రి దాక కూర ఎచ్చవెట్టుకుంట కూసుంటది, తెల్లారి అలసట అక్కడికెళ్లే మొదలైతది.

ఇగ ఆమెను వంటింట్ల నుంచి బయటికి తెచ్చే సంగతి. 'మీరు కూసోండి అత్తమ్మా, నేను చేస్త' అంటే ఏ అత్తమ్మా కూసోదు. ఆ మాట ఆమెకు 'నీ వంట నచ్చుతలేదు' అన్నట్టు వినవడ్తది. నేర్పమని అడుగు. అదీ నువ్వు గాదు, ఆమె కొడుకు అడగాలె. 'అమ్మా, సర్వపిండి చేసుడు జర చూపియ్యే' అని ఆయన, సర్వ గిన్నెకు అద్ది కాల్చే ఆ రొట్టె పిండి ముంగట వేసుకొని కూసున్నడనుకో, ఆమె పీట మీద కూసొని 'నీళ్లు ఎక్కువైనయిరా', 'ఉప్పేసినవా లేదా', 'గట్లనేనా అద్దుడు' అని అజమాయిషి చేస్తది. చెయ్యి కదిలియ్యదు, నోరు ఆగదు. ఆమెకు గంతకన్న విశ్రాంతి వేరే ఉండదు. కొడుకు మాడగొట్టిన మొదటి సర్వపిండిని ఆమె ఏడాది పొడుగూత వాడకట్టోళ్లకు చెప్పుకుంటది.

కూరలు కుదించుకోవాలె. పొద్దుగాల మక్కగటుక, మజ్జిగ. మధ్యాహ్నం ముద్దపప్పు, పచ్చిపులుసు, వడియాలు. రాత్రికి సర్వపిండి. సాయంత్రం పచ్చి పల్లికాయలు మట్టి కడిగి, గంజుల ఉప్పేసి ఉడకవెడితే మీద ఇంకో పలారం అక్కర లేదు. కార్తీకమని ఇంట్ల నీసు ముట్టరంటే ఇంకా మంచిది, ఆదివారం పని సగం తగ్గినట్టే.

పిల్లలకు కార్యక్రమం గీయకు. పాపను పొద్దుగాల నాయనమ్మ ఎంబడి వాకిట్లకు తోలు. సాన్పి (పేడనీళ్లు) చల్లినంక తడి ఆరకముందే ముగ్గు వెయ్యాలె, ఆ పిల్లకు పనికి తోడు తొందర గూడ ఉంటది. పొల్లగాడు తాతతోని పొలం కాడికి పోనీ. గెట్ల పొంటి గునుగు పూలు ఇంకా ఉంటయి. కరెంటు తీగల మీద పాలపిట్ట కూసుంటది, దసరా నాడు దొరకనోళ్లకు ఇప్పుడు తీరుబడిగ దొరుకుతది. చెరువు కట్ట మీది దాకనే గని నీళ్లల్లకు దిగనియ్యొద్దు. ఎండాకాలం మట్టి తీసిన గుంతలు నీళ్ల కింద కనవడవు, తాత ఈత వచ్చినోడైనా సరే. ఫోను గుంజుకోకు, గుంజుకుంటే రెండు రోజులు అదే లొల్లి. పనుల పడ్డ పిల్ల ఫోను ఎక్కడ పెట్టిందో మరిచిపోతది, మరవకపోతే ఒక గంట చూసుకోని, కొంపలేం మునగవు.

మీ ఆయన నిద్రను నేను తప్పు పట్ట. మధ్యాహ్నం నులక మంచంల ఆ నిద్ర హైదరాబాద్‌ల ఎవలకు దొరుకుతది? ఆయన మంచంల, నువ్వు గిన్నెల కాడ, అదే నాకు నచ్చలే. ఆదివారం గిన్నెలు ఆయనవి అని శనివారమే చెప్పు. చెప్పినంక గోలెం దిక్కు పోకు. పోతే జిడ్డు పోలేదని మళ్ల నువ్వే తోముతవు.

*సర్వపిండి చేస్తే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. రెండోది అసలు సర్వకు అతుక్కోదు. ఆదివారం వంట నా వంతు, పరువు కాపాడండి. – మంచిర్యాల నుంచి బొగ్గుబాయి ఉద్యోగి*

రెండోది అతుకుతలేదంటే సర్వ సల్లారలేదు తమ్మీ. ఉడుకు సర్వకు అద్దిన పిండి జారి చేతికే వస్తది. ఒకటి తీసినంక సర్వను బోర్లించి ఈపు మీద చెంబెడు నీళ్లు పొయ్యి, తుడిచి, మళ్ల నూనె రాయి. రెండు సర్వలుంటే అసలు బాధ లేదు, ఒకటి పొయ్యి మీద ఉంటే ఒకటి సల్లారుతది.

పచ్చి సంగతికి నీ చెయ్యే కారణం. అందరు నడుమ మందం, అంచుకు పలుచగ అద్దుతరు. అటుది ఇటు చెయ్యి. రెండు గ్లాసుల బియ్యప్పిండికి పిడికెడు నానిన శెనగపప్పు, పిడికెడు కచ్చాపచ్చా దంచిన పల్లీలు, నువ్వులు జర ఎక్కువనే, సన్నగ తరిగిన ఉల్లాకు, కరివేపాకు, ఉప్పు, కారం, దంచిన ఎల్లిపాయ. నీళ్లు చల్లుకుంట, రొట్టె పిండి కంటే మెత్తగ కలుపు. సోరకాయ తురుము వేస్తే నీళ్లు ఇంకా తక్కువ వడ్తయి. అద్దినంక వేలుతోని నడుమ ఒకటి, సుట్టు నాలుగైదు బొక్కలు పొడిచి ఒక్కోదాంట్ల నూనె చుక్క వెయ్యి. ఆ బొక్కలు అందానికి గాదు, నూనె కిందికి దిగుటానికి. మూత పెట్టి సన్నమంట మీద ఉంచు. చిటపట సప్పుడు తగ్గి, నువ్వుల వాసన కమ్మగ లేచి, అంచు సర్వను విడిచిపెట్టి లోపలికి వంగితే అయినట్టు. మర్లేసే పని లేదు. పైన మెత్తగ, కింద కరకర ఉంటేనే సర్వపిండి.

*జనగామ దారిలో సీతాఫలాలు గంప కొన్నాం. సగం నల్లబడి రాయిలా అయ్యాయి, పండలేదు. మోసపోయామా? – హన్మకొండ*

అమ్మినామెను అనకున్రి, చూసి కొనాలె. కాయ మీది గడుల నడుమ సందు తెల్లగనో, పసుపుగనో విచ్చుకున్నదా, దాన్ని మేం కండ్లు తెరిచిన కాయ అంటం. తెరవని కాయను తెంపితే గడ్డిల పెట్టినా బియ్యంల పెట్టినా పండదు, నల్లవడ్తది. తెరిచినవి అయితే వరిగడ్డి మీద ఒక వరుస పేర్చి పైన గడ్డి కప్పున్రి. మెత్తవడ్డది మెత్తవడ్డట్టు ఏరి తినాలె, ఒక్కటి చితికితే చీమలు పక్కదానికి గూడ వస్తయి. పండకముందు ఫ్రిజ్‌ల పెట్టొద్దు. గింజలు పిల్లలు కొరకకుండ చూడున్రి, ఆ పొడి కంట్ల పడితే కన్నుకే మోసం. పేన్లకని గింజలు నూరి తలకు పెట్టే అలవాటున్నోళ్లు ఆ పని ఇడిచిపెట్టున్రి.

*ఊర్లో బాత్రూం ఇంటి వెనుక ఉంది. కోతల కాలం, పాముల భయం. పిల్లలతో వెళ్లొచ్చా? – సికింద్రాబాద్*

పోవచ్చు. రాత్రి లైటు లేకుండ అడుగు పెట్టొద్దు, చెప్పులు దులిపి తొడగాలె, గడ్డివాము కాడ, కట్టెల మోపు కాడ చీకట్ల చెయ్యి పెట్టొద్దు. భయపడాల్సింది కట్లపాముకు. అది రాత్రిపూట కింద పండుకున్నోళ్ల కాడికి వస్తది, కరిచినా నొప్పి పెద్దగ తెల్వదు. అందుకే పిల్లలను మంచం మీదనే పండవెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపున్రి. ఏమన్న అయితే కట్టు బిగించుడు, కోసుడు, మంత్రం, ఇవేవి వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండ పెట్టి 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకే పోవాలె. వరంగల్ చుట్టుపక్కలోళ్లకు ఎంజీఎం ఉన్నది.

*అటక మీద పాత గొంగడి, కొత్తవాడ జంపఖానా ఉన్నాయి. చలికి వాడుకుందామంటే ముక్క వాసన. ఉతకాలా? – తొర్రూరు*

గొంగడిని ఉతకొద్దు, ఉన్ని ముద్దకడ్తది. ఇప్పటి ఎండకు రెండు పూటలు తీగ మీద వేసి, కట్టెతోని ఈపు మీద కొట్టినట్టు కొట్టి, మడతలల్ల ఎండిన యాపాకు పెట్టు. జంపఖానా నూలుది, దాన్ని ఉతకొచ్చు. గోలెంల నానవెట్టి పిల్లలతోని తొక్కియ్యి, వాళ్లకు అదే ఆట. రంగు ఎలిసిపోకుండ తిరగేసి నీడపట్టున ఆరెయ్యి. 2018ల కొత్తవాడల నేసే ఈ వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు (ఇది ఆ ఊరి సరుకే అనే సర్కారు ముద్ర) వచ్చింది. పాతదని కారు తుడుసుటానికి ఇయ్యకున్రి, ఉంచుకోవాలె.

*మనుమండ్లు వస్తరు, ఫోన్ల తల పెడ్తరు. నా మాట వాళ్లకు సమజ్ గాదు, వాళ్లది నాకు గాదు. పక్కింటి పిల్లతోని రాయిస్తున్న. – నర్సంపేట దిక్కు నుంచి ఒక అవ్వ*

అవ్వా, మాట్లాడొద్దు, అష్టాచెమ్మ ఆడు. బండల మీద సుద్దతోని అయిదు గడులకు అయిదు గడులు గీయి. నాలుగు చింతగింజలు తీసుకొని ఒక్కో దిక్కు రాయికి అరగదీసి తెల్లగ చెయ్యి. ఆ అరగదీసే పని మనుమనికే ఇయ్యి, వాడు అడగంగనే చేస్తడు. నాలుగు తెల్లగ పడితే చెమ్మ, నాలుగు నల్లగ పడితే అష్ట, పడ్డోనికి మళ్ల ఆట. ఇంతే చెప్పాలె, దీనికి ఇంగ్లీష్ అక్కర లేదు. వాళ్ల కాయను సంపేటప్పుడు పిల్లలే గదా అని జాలి పడకు. ఒక్కసారి ఓడితే 'ఇంకో ఆట అవ్వా' అని వాళ్లే నీ కొంగు పట్టుకుంటరు. నువ్వు దొంగాట ఆడ్తవని మీ పక్కింటి పిల్ల ఉత్తరం కింద చిన్నగ రాసింది. ఆడు, పర్వాలేదు.

*ఆదివారం సాయంత్రం బయల్దేరాలా, సోమవారం తెల్లవారుజామునా? – ఘట్‌కేసర్*

సోమవారమే. ఆదివారం మాపు అందరు ఒక్కసారే రోడ్డెక్కుతరు, తొవ్వలనే తెల్లారుతది. రైలు దొరికితే కాజీపేటల ఎక్కున్రి, అది ఇంకా సులువు. సంచిల ఏం కట్టిచ్చినా వద్దనకున్రి, సీతాఫలాలు మాత్రం అన్నిటికంటే పైన పెట్టున్రి.

వచ్చే సంచికకు నోముల పిండివంటల మీద వచ్చిన ఉత్తరాలు తీస్త. పేరు రాయకున్నా మంచిదే, ఊరి పేరు మాత్రం రాయున్రి. నీళ్లు, బియ్యం ఊరూరికి మారుతయి, కొలతలు గూడ దాన్ని బట్టే చెప్పాలె.