.308లో 110 గ్రెయిన్ బుల్లెట్‌కి లోడ్ డేటా

మీ .308 విన్‌చెస్టర్ రైఫిల్‌కి తూటాలు సొంతంగా నింపుకోవడానికి 110 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే బరువు కొలత) బుల్లెట్‌కి లోడ్ డేటా, అంటే ఎంత పౌడర్ వేయాలో చెప్పే లెక్క, దొరక్క, 150 గ్రెయిన్ లోడ్‌నే కాస్త పెంచి వాడొచ్చా అన్నారు. అంచనా మీద పెంచొద్దండీ. ముందు ఆ బుల్లెట్ తయారుచేసిన కంపెనీ మాన్యువల్ చూడండి. తర్వాత పౌడర్ అమ్మే కంపెనీ హాడ్జ్‌డన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే డేటాలో బుల్లెట్ బరువుని బట్టి వెతకండి.

బరువు ఒక్కటే కలిస్తే చాలదు. పూర్తి రాగి బుల్లెట్, అదే బరువున్న సీసం బుల్లెట్ కంటే పొడవుంటుంది, అందుకే కేసులో (తూటా గుల్లలో) లోతుగా దిగి ప్రెషర్ పెంచవచ్చు. ఒకదాని డేటా ఇంకోదానికి పనికిరాదు.

తక్కువ రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) కోసమైతే మెల్లగా కాలే పౌడర్‌ని ఇష్టమొచ్చినట్టు తగ్గించకండి, అదీ ప్రమాదమే. హెచ్4895 అనే పౌడర్‌ని మాత్రం మాన్యువల్‌లోని గరిష్ఠ తూకంలో 60 శాతం మిగిలేదాకా తగ్గించవచ్చని, అంతకంటే తగ్గించొద్దని హాడ్జ్‌డనే చెబుతుంది. నేనైతే దాంతోనే మొదలుపెడతాను. పూర్తి లోడ్ కావాలంటే మాన్యువల్‌లోని స్టార్టింగ్ లోడ్ నుంచి కొద్దికొద్దిగా పైకి వెళ్లండి.