కొరాపుట్ వైపు పనస చెట్టు నీడలో హోస్టా పెరుగుతుందా?

నీడ సంగతి తర్వాత, ముందు మీ దగ్గర చలి ఎంతో చెప్పండి. ఆకుల అందం కోసం పెంచే ఈ హోస్టా పేరెత్తగానే అందరూ నీడ, నీడ అంటారు. నీడ బరంపురంలో లేదా? అక్కడ పెడితే చలి చాలక ఏడాదేడాదికీ చిన్నదైపోతుంది. జపాన్, కొరియా, చైనాల మొక్క అది. శీతకాలంలో ఆకు మొత్తం వదిలేసి ఆరేడు వారాలైనా గట్టి చలిలో పడుకోవాలి.

మాది కొరాపుట్ దగ్గర సెమిలిగుడ. డిసెంబరు రాత్రి రెండు రగ్గులు కప్పుకున్నా చాలదు, మధ్యాహ్నానికి స్వెట్టర్ విప్పేయాలి. ఆ ఎండకే దాని నిద్ర పాడవుతుంది. అందుకని నేను దుంప తవ్వి, మట్టి దులిపి, తడి కొబ్బరి పొట్టులో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను.

సాలూరు నుంచి మా అత్తయ్య వచ్చారు. నేను బడి నుంచి వచ్చేసరికి దుంప కడిగేసి, లావుపాటి తెల్లటి వేళ్లు సగం తెంపి, చేటలో ఎండబెట్టేశారు. "ఇంత మంచి పిల్లిపీచర ఫ్రిజ్జులో కుళ్లబెట్టేస్తన్నావేటే?" అని నాకే చీవాట్లు. పిల్లిపీచర అంటే శతావరి, ఆవిడ దుంపని అదే అనుకున్నారు. తర్వాత చదివితే తెలిసింది, హోస్టా, శతావరి రెండూ ఒకే కుటుంబానివట! మొలక కన్నులు రెండు మిగిలాయి. ఫిబ్రవరిలో కుండీలో పెడితే రెండూ లేచాయి.

ఆన్‌లైన్‌లో నీలం ఆకుల ఫొటోలు చూసి డబ్బు తగలేయకండి. ఆ నీలం ఆకు మీది మైనపు పూత, ఎండ తగిలితే కరిగిపోయి మామూలు పచ్చరంగు బయటపడుతుంది. నాకు 900 రూపాయలు పోయాకే ఈ జ్ఞానం వచ్చింది. చైనా నుంచి వచ్చిన ప్లాంటాజినియా రకం, దాని సంకరాలు అడగండి. అవి వేడికి కాస్త ఓర్చుకుంటాయి, తెల్లటి పూలకు మంచి వాసన కూడా.

పనస కింద నేలలో మాత్రం వద్దు, వేళ్లు నీళ్లన్నీ తాగేస్తాయి. కుండీలోనే పెట్టండి. నేలలో పసుపు వేసుకోండి, ఆకూ అందమే, దుంపా దక్కుతుంది. అత్తయ్య మాటా అదే, ఒప్పుకోక తప్పలేదు.

వానాకాలంలో గుల్లలేని నత్తలు ఒక్క రాత్రిలో ఆకుని జల్లెడ చేసేస్తాయి. రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని ఏరి సబ్బు నీళ్లలో వేయడమే. కుండీలో ఉప్పు చల్లారో, నత్తలతోపాటు మొక్కా పోతుంది.