ఒక్క నొక్కు బ్యాటరీ, అయిదు మోడ్ల బ్యాటరీ

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

పలమనేరు ఇంటికి ఒక మంచి బ్యాటరీ కొనిస్తానని, అయిదు మోడ్లది ఒకటి చూశానని, దానిమీద 10,000 లూమెన్లని రాసుందని రాశావు. నువ్వు చూసింది వద్దు. ఎందుకు వద్దో, ఏది కొనాలో చెప్తాను, కొంచెం పెద్ద జాబే అవుతుంది. మనవైపు బ్యాటరీ అంటే టార్చిలైటే కాబట్టి, దాని లోపల వేసేదాన్ని ఇక్కడ సెల్లు అనే రాస్తాను. మోడు అంటే లైటు వెలిగే తీరు, లూమెన్లంటే వెలుతురు కొలత.

మీ నాయన లైటు పట్టుకునే చోటు ఒకసారి తలుచుకో. తెల్లవారుజామున నాలుగున్నర. ఒక చేతిలో పాల బకెట్టు, ఇంకో చేతిలో లైటు, రెండు చేతులూ తడి. కొట్టం గడప దగ్గర గడ్డిలో ఏదో కదిలినట్టుంటుంది. బొటనవేలు స్విచ్చి మీద పడుతుంది. అప్పుడు ఒక్క నొక్కుకు నిలకడగా వెలగాలి, అంతే. అయిదు మోడ్లవాటిలో కొన్నింటికి నిన్న ఎక్కడ ఆపారో దాని తర్వాతిది వస్తుంది. సన్నవెలుగు వస్తే సరే, సర్దుకోవచ్చు. టపటపా కొట్టేది వచ్చిందనుకో, కదిలేది ఎటు పోతావుందో కన్ను పట్టుకోలేదు. ఇంకోసారి నొక్కితే ఎస్ఓఎస్ అంట, ఆపదలో సాయం అడిగే సైగ, మూడు చిన్నవి మూడు పెద్దవి మూడు చిన్నవి కొట్టుకుంటా ఉంటుంది. నడిసముద్రంలో ఓడకు పనికొస్తుందేమో గానీ కొట్టంలో దానితో ఏం పని?

మోడ్లు మారే పద్ధతి అన్ని లైట్లలో ఒకటి కాదు, అంగట్లో చూసుకోవలసింది అదే. వెనక టక్కుమనే స్విచ్చి ఉండే చౌక లైట్లలో, ఆపి వెంటనే మళ్ళీ వేస్తే తర్వాతి మోడు వస్తుంది. లోపలి సర్క్యూటు ఎంతసేపు ఆరిందో చూసుకుంటుంది. సెకనో రెండు సెకన్లో అయితే 'మోడు మార్చమంటున్నాడు' అనుకుంటుంది, ఎక్కువసేపయితే మొదటిదానికి పోతుంది. దీనివల్ల ఇంకో తంటా ఉంది. వెనక స్ప్రింగు వదులైనా, మూత మరల్లో మురికి చేరినా, నడకలో కరెంటు ఒక్క క్షణం తెగుతుంది. సర్క్యూటుకు అది నువ్వు నొక్కినట్టే. బండి మీద గుంతలో పడినప్పుడల్లా లైటు మోడు మారుస్తావుంటే చెడిపోయిందని పారేస్తారు. చెడింది లైటు కాదు, స్ప్రింగు. అదే జబ్బు ఒక్క మోడు లైటుకు వస్తే ఒకసారి రెప్ప కొట్టి మళ్ళీ వెలుగుతుంది, నడక ఆగదు.

పక్కన మెత్తటి బటను ఉండేవి ఇంకో రకం. వీటిలో కొన్నింటిని ఆర్పాలంటే అన్ని మోడ్లూ దాటుకుని పోవాలి. అర్ధరాత్రి పసిబిడ్డ పక్కన లైటు ఆర్పబోతే గదంతా మెరుపులే. పైగా ఈ బటను ఎప్పుడు నొక్కుతారా అని లోపలి సర్క్యూటు కాచుకోనుంటుంది. ఆర్పినా కొద్దికొద్దిగా కరెంటు తాగుతానే ఉంటుంది. కొన్నింటిలో అది లెక్కలోకి రాదు, నాసిరకంలో రెండు మూడు నెలలకు సెల్లు ఖాళీ. వాడనప్పుడు వెనక మూత పావు తిప్పు వదులు చేసి పెడితే చాలా లైట్లలో ఆ తాగుడు ఆగుతుంది, సంచిలో తనంతట తాను వెలిగే ప్రమాదమూ పోతుంది.

ఇప్పుడు ఆ 10,000 లెక్క చూడు. ఎల్ఈడీ లైటు వాటుకు సుమారు 100 లూమెన్లు ఇస్తుందనుకో. పదివేలకు 100 వాట్లు కావాలి. బొటనవేలంత లావు 18650 సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల అడ్డం, 65 మిల్లీమీటర్ల పొడుగు, మంచిదైతే 3,000 నుంచి 3,500 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత), 3.6 వోల్టులు. 3,000 అయితే సుమారు 11 వాట్-అవర్లు. నూరు వాట్లు లాగితే ఆరేడు నిమిషాల్లో అయిపోవాలి, అంతలోపే చెయ్యి కాలాలి. పాత హ్యాలోజెన్ కారు బల్బు డిమ్ములో ఇచ్చేది సుమారు 1,000 లూమెన్లు. అట్లాంటివి పది జేబులో పట్టవు కదా. సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని రాసున్నా అంతే, ఆ సైజులో అంత పట్టదు. అట్లా రాసినవాడి లైటు ఇంక దేనికీ నమ్మొద్దు.

ఇంటి పనికి 80 నుంచి 150 లూమెన్లు చాలు. నీ ఫోను లైటు సుమారు 50. నాలుగింతలు చేస్తే గానీ కంటికి 'రెండింతలయింది' అనిపించదు, కాబట్టి 100కూ 150కీ తేడా కోసం డబ్బు పెట్టొద్దు. ఒక్క మోడు లైటు కొనేటప్పుడు ఇక్కడే పొరపాటు చేస్తారు. సింపుల్‌గా ఉంది కదా అని 800 లూమెన్ల ఒక్క మోడుది తెస్తారు. అది గదిలో వేస్తే తెల్లగోడ మీద పడి తిరిగి కళ్ళలోకే కొడుతుంది, ఆర్పాక ఇరవై ముప్పై నిమిషాల వరకు చీకటి కన్ను సరిగ్గా తిరిగి రాదు, గంటన్నర లోపే సెల్లు అయిపోతుంది. అట్లాంటి ఒక్క మోడు కంటే మూడు మోడ్లదే మేలు.

వెలుతురు ఎంతో చూశాక, అది ఎట్లా పరుచుకుంటుందో చూడు. దూరం కొట్టే లైటు నడిచేవాడికి పనికిరాదు. నడి గెనిమ మీద రెండడుగుల ముందు, పక్కన గడ్డి అంచు, రెండూ ఒకేసారి కనపడాలి. డబ్బా మీద 200 మీటర్లని రాసుంటే, ప్రమాణం ప్రకారం కొలిచినవాళ్ళు అక్కడ పున్నమి వెన్నెలంత వెలుతురు మిగులుతుందని చెప్తున్నారు. నువ్వు గుర్తుపట్టి చూడగలిగే దూరం అందులో సగం కూడా ఉండదు. ముందుకు వెనక్కు లాగే జూము లైట్లు వద్దు. ఆ జారే తల సందులోంచి నీళ్ళు, దుమ్ము పోతాయి, తల ముందుకు లాగితే వెలుగు చదరపు ముక్కలాగా గోడ మీద పడి చుట్టూ చీకటైపోతుంది. రంగు కూడా చూసుకో. నీలం తిరిగిన తెలుపులో ఎండుటాకు, మట్టి, రక్తపింజర వీపు అన్నీ ఒకే బూడిద రంగు. వెలుగు రంగును కెల్విన్లలో రాస్తారు, 4,000 నుంచి 5,000 మధ్యది ఉంటే ఆ తేడాలు కొంత తెలుస్తాయి. లైటును నడుం ఎత్తున పట్టుకుని ఏటవాలుగా వేస్తే నేలమీది వస్తువుకు నీడ పడుతుంది. నుదుటి దగ్గర పట్టుకుంటే నీడ దాని వెనక దాక్కుంటుంది. ఇది మీ నాయనకు తప్పక చెప్పు. కట్లపాము రాత్రిళ్ళు ఇంట్లోకే వస్తుంది, చాప మీద పడుకునేవాళ్ళకు లైటు చెయ్యి చాచితే అందేచోట, కాలు కింద పెట్టకముందే దొరకాలి.

ఇక సెల్లు సంగతి. మీ ఊరి అంగట్లో దొరికేది పెన్సిల్ సెల్లు, అందుకని రెండు పెన్సిల్ సెల్లుల లైటే ఇంటికి సరి. మూడు సన్న సెల్లులు (ఏఏఏ సైజువి) ప్లాస్టిక్ గూట్లో పెట్టి దోపేవి వస్తాయి, అవి వద్దు. ఆ గూటి రేకులు వంగిపోతాయి, సన్న సెల్లులో సత్తువ సగమే, మొదటి గంటలోనే వెలుగు దిగిపోతూ వస్తుంది. రెండు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులతో 100 లూమెన్లు నాలుగైదు గంటలు వస్తాయి. పాలు పితికే పనికి రోజుకు ఇరవై నిమిషాలంటే రెండు వారాలకు ఒక జత. రోజూ వాడేదానికి అది దండగ. నికెల్ మెటల్ హైడ్రైడ్ చార్జింగ్ సెల్లులు నాలుగు, 2,000 ఎంఏహెచ్‌వి, వాటి చార్జరు ఒకటి కొను. ఆదివారం ఆదివారం జత మార్చమను. ఒక్కో సెల్లు 1.5 బదులు 1.2 వోల్టులే ఇస్తుంది, కొనేముందు లైటు వాటిని ఒప్పుకుంటుందా అని అడుగు. కొత్తదీ పాతదీ కలిపి వెయ్యొద్దని చెప్పు. సత్తువ పోయినదాన్ని బాగున్నది వెనక్కు తోసి కారేటట్టు చేస్తుంది. తెల్లటి పొట్టు కట్టిందంటే ఆల్కలైన్ కారినట్టే. నిమ్మరసం ఒక చుక్క దూదితో అద్ది తుడిచి, తడిగుడ్డతో మళ్ళీ తుడిచి, ఎండలో ఆరబెట్టాలి. ఇంకొకటి. పాత బల్బు లైటులో సెల్లులు తిరగేసి వేసినా వెలిగేది, ఎల్ఈడీ వెలగదు. మీ నాయనకు పాత లైటు అలవాటు గనుక, సెల్లు దోపే వైపు లోపల కనపడేటట్టు ప్లస్ గుర్తు పెయింటుతో రాసిపెట్టు.

గోడకు గుచ్చి చార్జింగ్ పెట్టే పిన్నుల లైటు ఇంటింటా ఉంటుంది, అది తెస్తే పోలేదా అంటారు. దాంట్లో చాలావాటికి 4 వోల్టుల లెడ్ ఆసిడ్ సెల్లు. ఖాళీ అయినదాన్ని అట్లాగే ఒక నెల వదిలేస్తే పలకలు గట్టిపడి మళ్ళీ చార్జి పట్టదు. రాత్రంతా, పగలంతా గుచ్చి పెడితే ఉబ్బుతుంది, ఎందుకంటే చౌకవాటిలో నిండాక ఆపే ఏర్పాటు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, వాటి చార్జింగ్ సర్క్యూటుకు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, ప్లగ్గులో ఉన్నంతసేపు లోపలి ప్రతి తీగలోనూ ఇంటి కరెంటు ఉన్నట్టే లెక్క. తల పగిలిన దాన్ని, మూత ఊడినదాన్ని ప్లగ్గులో పెట్టి ముట్టుకోవద్దు. అది గోడకు ఉన్నప్పుడు తడిచేత్తో వెలిగించవద్దు. కరెంటు పోయిన రాత్రి ఇంట్లో పెట్టుకోవడానికి ఒకటుంటే ఉండనీ, కొట్టంలోకి వద్దు.

నీ సంగతి వేరు. నువ్వు మోడ్లు నేర్చుకోగలవు, వాటితో పనీ ఉంది. నీకు 18650 సెల్లు, టైప్-సి చార్జింగ్, మూడు మోడ్లు చాలు: 5 నుంచి 10 లూమెన్లు ఒకటి, 100 ఒకటి, 500 ఒకటి. సన్నది వంద గంటల దాకా రావచ్చు, నూరుది తొమ్మిది పది గంటలు, ఐదువందలది రెండు గంటల లోపు. సన్నది మొదట వచ్చేదే కొను. చీకట్లో అలవాటుపడిన కంటికి 10 లూమెన్లు సంచిలో తాళం వెతకడానికి ఎక్కువే. ఆపినప్పుడు ఉన్న మోడే మళ్ళీ రావడాన్ని మెమరీ అంటారు. నాకైతే మెమరీ లేనిదే ఇష్టం, ప్రతిసారీ ఒకటే వస్తుంది, వేలికి అదే గుర్తు. టపటపా కొట్టేది ఉంటే, రెండుసార్లు గబగబా నొక్కితేనో, పట్టి నొక్కితేనో వచ్చేటట్టు దాచిపెట్టినదే తీసుకో, మామూలు వరసలో ఉంటే వదిలెయ్. పెద్ద మోడు రెండు మూడు నిమిషాలకు తగ్గిపోతే చెడిందనుకోకు, వేడి ఎక్కి సర్క్యూటే తగ్గిస్తుంది. తగ్గించనిదే భయపడాల్సింది. అలిపిరి మెట్లకు సన్నదో నడిమిదో చాలు. 3,550 మెట్లు పెద్ద మోడులో ఎక్కితే ముందు నడిచేవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడవు, ఎదురొచ్చేవాళ్ళ తిట్లు ఉంటాయి. 2023 ఆగస్టులో ఆ దోవలోనే చిరుత దాడికి ఒక పాప చనిపోయింది. గుంపులో నడువు, లైటు ఉంది కదా అని వెనకబడొద్దు. అట్లాగే పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు చేలల్లోకి దిగినప్పుడు టపటపా కొట్టే లైటుతో తోలొచ్చని ఎవరన్నా చెప్తే వినొద్దు. బెదిరిన ఏనుగు వెలుగు ఉన్న చోటికే రావచ్చు. ఇంట్లోకి పోయి ఫారెస్టువాళ్ళకు ఫోన్ చెయ్యండి.

గాంధీ రోడ్డులోనో ఇంకెక్కడో, కొనేటప్పుడు అంగట్లోనే ఇరవైసార్లు వేసి ఆర్పు, ఒక్కసారి తడబడినా పెట్టెయ్. వెలిగించి తోక వైపు అరచేత్తో గట్టిగా కొట్టు, రెప్ప కొట్టకూడదు, మోడు మారకూడదు. మూత విప్పి రబ్బరు రింగు ఉందా చూడు. ఐపీఎక్స్4 అంటే తుంపర్లకే, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినట్టు వానలొస్తే రెండోదే కావాలి. సన్న మోడులో ఫోను కెమెరాతో చూడు, నల్లచారలు పరిగెడితే అది నిలకడగా వెలగడంలేదు, గబగబా ఆరి వెలుగుతోంది. టైప్-సిది అయితే ఫోను చార్జరుకుండే రెండువైపులా సి వైరుతో చార్జి ఎక్కుతుందా అని అక్కడే చూడు. చౌకవాటిలో లోపల రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా మిగిల్చుకుంటారు, పాత వెడల్పు పిన్ను వైరుతో తప్ప ఎక్కదు.

ఇంటికి పోయాక ఆరునెలలకొకసారి మూత మరలు పొడిగుడ్డతో తుడిచి, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు గోరుతో తీసినంత రాయి. కొబ్బరినూనె రాయొద్దు, అది దుమ్ము పట్టి జిగటవుతుంది. స్ప్రింగు, రేకు నల్లబడితే పెన్సిలు రబ్బరుతో రుద్దు.

కొట్టం గుంజకు, నీ భుజం ఎత్తున కాకుండా మీ అమ్మ భుజం ఎత్తున, మేకు కొట్టి లైటును తాడుతో తగిలించు. చుట్టూ స్టిక్కరు వెయ్యి. రేడియం అని అమ్మేవి రెండు రకాలు. ఒకటి వెలుగు పడితేనే మెరుస్తుంది, ఇంకొకటి దీపం ఆరాక కూడా కాసేపు పచ్చగా వెలుగుతుంది. రెండోది అడిగి తీసుకో.

ఇట్లు
మీ మామ