విప్పిన ఇంటి పాత దర్వాజను ఏం చేయవచ్చు?
నల్లగొండలో తాతల నాటి భవంతిని విప్పగా మిగిలిన టేకు జోడు తలుపులతో ఏం చేయవచ్చని అడిగారు. నా దృష్టిలో భోజనాల బల్ల చేయించడమే మేలు. ఒక రెక్కకు 30 అంగుళాల ఎత్తు వచ్చేలా కాళ్లు బిగించి, చెక్కడాల గుంతల్లో మెతుకులు ఇరుక్కోకుండా పైన 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు పరిస్తే సరిపోతుంది. ఇత్తడి పువ్వులను, గొళ్లేన్ని మాత్రం పీకించకండి, అందమంతా వాటిలోనే ఉంది. గోడకు వేలాడదీయాలనుకుంటే బరువు చూసుకోవాలి: ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం గల టేకు పలక సుమారు 40 కిలోలు తూగుతుంది కనుక మట్టి గోడ దాన్ని మోయలేదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి, పొడిగా గీకకుండా తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకొని తీయించి, చెదలు లేవని నిర్ధారించుకున్నాకే అవిసె నూనె పట్టించండి.