బ్లాక్‌బస్టర్ అంటే ఏమిటని అడిగారు కాబట్టి

"హిట్, సూపర్ హిట్, బ్లాక్‌బస్టర్: తేడా ఏమిటి? ఎన్ని కోట్లు వస్తే బ్లాక్‌బస్టర్ అనాలి?" అన్నది ప్రశ్న. ఆ మాటని నా చేత్తో గోడలకి అంటించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

1994 వేసవి. మా మావయ్య తెనాలిలో ఒక సినిమా హాలు మేనేజరు. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఊరికే తిరుగుతున్నానని అమ్మ నన్ను ఆయన దగ్గరికి తోలింది. పోస్టర్లు అంటించే కుర్రాడికి సాయం వెళ్లడం నా పని. మైదాపిండి ఉడకబెట్టి అందులో కాస్త మైలుతుత్తం కలిపేవాళ్లం, గేదెలు పోస్టర్లు పీక్కుతినకుండా. ఆ నీలం గోళ్ల సందుల్లోంచి ఓ పట్టాన పోయేది కాదు.

ఒక గురువారం రాత్రి ఆఖరి బస్సుకి సినిమా పెట్టె దిగింది. దాంతోపాటు తాడు కట్టిన కట్ట ఒకటి. విప్పితే జానెడు వెడల్పున పసుప్పచ్చ స్లిప్పులు, ఎర్రక్షరాల్లో "బ్లాక్‌బస్టర్". పోస్టర్ మీద హీరో ఛాతీకి అడ్డంగా, ఏటవాలుగా అంటించాలట.

"ఇంకా మొదటి ఆటే పడలేదు కదా మావయ్యా?"

"అందుకేరా. శనివారం అంటిస్తే ఎవడు నమ్ముతాడు?"

తెల్లారేసరికి ఊరంతా అంటించాం. ఉదయం ఆటకి జనం బాగానే వచ్చారు. ఇంటర్వెల్లో నేను సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాను. అక్కడి ముసలాయన ఇనప తీగకి టోకెన్లు గుచ్చుకుంటున్నాడు. ఆట అయ్యాక తిరిగి రావాల్సిన టోకెన్లు అప్పుడే వచ్చేస్తున్నాయి. తీగ సగం నిండాక నా వైపు చూసి, "సైకిళ్లు వెళ్లిపోతున్నాయి బాబూ" అన్నాడు. అంతే, ఇంకే విమర్శకుడూ అంత క్లుప్తంగా చెప్పలేదు నాకు. సాయంత్రానికి గుంటూరు నుంచి బయ్యరు, అంటే మా ఏరియాకి ఆ సినిమా కొనుక్కున్నాయన, వచ్చాడు. కాంటీన్లో కూర్చుని రెండు టీలు తాగాడు. కలెక్షన్ ఎంతని అడగనే లేదు. వారం తిరిగేసరికి బొమ్మ ఎత్తేశారు.

కాబట్టి కోట్ల లెక్క అడిగితే నా జవాబు ఒకటే: ఎంతకి కొన్నారో చెప్పకుండా ఎంత వచ్చిందో చెప్తే అది లెక్క కాదు. పది కోట్లకి కొన్న ఏరియాలో ఎనిమిది కోట్ల షేర్ వస్తే బయ్యరు మునిగినట్టే. రెండు కోట్లకి కొన్న చిన్న సినిమాకి ఐదొస్తే అదీ బ్లాక్‌బస్టర్. ఇప్పుడు పోస్టర్ మీద ఎక్కువగా గ్రాస్, అంటే టికెట్ల మొత్తం వసూలే వేస్తారు. అందులోంచి పన్ను పోవాలి, హాలు అద్దె పోవాలి, ఆ తర్వాత మిగిలేదే షేర్. అది వేసేవాళ్లు తక్కువ. రెండో రోజే సక్సెస్ మీట్, కేకు. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేసిన రాయలసీమ జిల్లాలని ఇప్పటికీ "సీడెడ్" అని పిలుచుకునే మన సినిమావాళ్లకి, నిక్షేపం లాంటి "హిట్" అన్న చిన్న మాట మాత్రం పాతబడిపోయింది! బావుంది అంటే చాలదు, యావరేజ్ అంటే తిట్టు.

హాలు ముందు క్యూ వీధి చివరి దాకా పోతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది చెప్తారు. నమ్మకండి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమానాలు జర్మనీ మీద వేసిన నాలుగు వేల పౌన్ల బాంబులకి పత్రికలవాళ్లు పెట్టిన పేరు అది, ఒక్కటి పడితే వీధికి వీధి లేచిపోతుందని. యుద్ధం ముగియకముందే అమెరికా సినిమా ప్రకటనల్లోకి ఎక్కింది. మన "బాక్సాఫీసు బద్దలు" కూడా అదే వరస. తమాషా ఏమిటంటే, అదే అమెరికాలో సినిమా "బాంబ్" అయిందంటే తన్నిందని అర్థం.

మా అక్కా బావా 1999లో డాలస్‌లో ఉండేవాళ్లు. ఫోన్లో అక్క "ప్రతి శుక్రవారం బ్లాక్‌బస్టర్‌కి వెళ్తాం" అంటే, అక్కడ వారానికో పెద్ద హిట్టా అని అమ్మ నోరు వెళ్లబెట్టింది. తీరా చూస్తే అది వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం. వేల షాపులున్న ఆ కంపెనీ 2010లో దివాలా తీసింది. పేరు బలం ఎంతుంటుందో చూడండి. ఇక మా తమ్ముడు హైదరాబాద్‌లో మందుల కంపెనీలో చేస్తాడు. వాడి లెక్కలో ఏడాదికి వంద కోట్ల డాలర్ల అమ్మకం దాటిన మందు బ్లాక్‌బస్టర్. సినిమావాళ్లు ఆట మొదలవుతుందని సంబరపడితే, అదే మందుని జనరిక్‌గా చౌకలో చేసే వీళ్లు దాని పేటెంట్ ఎప్పుడు ముగుస్తుందా అని క్యాలెండర్ చూసుకుంటారు.

ఆ స్లిప్పుల సంగతి మర్చిపోయాను. సగం కట్ట మిగిలిపోతే అత్తయ్య తెచ్చి వంటింటి అరల్లో పరిచింది. ఆవకాయ జాడీ ఎత్తినప్పుడల్లా కింద ఎర్రగా "బస్టర్" అని కనబడేది. నా పెళ్లయ్యాక వాళ్లింటికి భోజనానికి వెళ్తే అప్పటికీ ఉంది, నూనె మరకల్లో.